ఇంటికి కరెంటు వైరు కొనేటప్పుడు

కొత్త ఇల్లు కట్టించేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలనీ, లేకుంటే పైనుండి పడి ఎవరైనా చనిపోతే ఆ దోషం ఇంటిమీదికి వస్తుందనీ దేవుని వాక్యం హెచ్చరిస్తున్నది (ద్వితీ. 22:8). గోడలోపల దాగి ఉండే కరెంటు వైరుకూ ఈ మాట వర్తిస్తుంది.

క్రోసూరు ప్రాంతంలో పత్తి, మిరప పండించే మన కుటుంబాలు మంచి ధర కోసం పంటను ఇంట్లోనే నిలవ ఉంచుకోవడం మామూలే. అలాంటి ఇంట్లో ఒక్క నిప్పురవ్వ చాలు. మంటకంటె పొగ మరీ ప్రమాదం. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంటికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందికి ఊపిరాడకుండా చేసింది పొగే. షార్ట్ సర్క్యూట్ కారణం కావచ్చునని అధికారులు మొదట చెప్పారు.

దుకాణంలో ముఖ్యంగా మూడు రకాల వైర్లు దొరుకుతాయి.

ఎఫ్.ఆర్.: దీని పి.వి.సి. తొడుగు మంటను వైరు వెంట త్వరగా పాకనివ్వదు. కాని కాలితే దట్టమైన పొగ, గొంతును మండించే ఆమ్లవాయువు వస్తాయి.

ఎఫ్.ఆర్.ఎల్.ఎస్.: ఇదీ పి.వి.సి.యే. పొగ, వాయువు తక్కువ.

హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్.: ఇందులో క్లోరిన్ వంటివి ఉండవు. పొగ పలుచన, ఆమ్లవాయువు దాదాపు ఉండదు. ధర ఎక్కువ.

సామాన్య కుటుంబానికి ఎఫ్.ఆర్.ఎల్.ఎస్. సరిపోతుంది. పదిమంది చేరే మందిరానికి, పిల్లలుండే హాస్టలుకు హెచ్.ఎఫ్.ఎఫ్.ఆర్. మేలు. మంటల్లో కూడా కొంతసేపు కరెంటు అందించే కేబుళ్లు వేరే ఉన్నాయి. అవి పెద్ద ఆసుపత్రుల వంటి భవనాలకు. మన ఇళ్లకు అక్కరలేదు.

ఏ రకమైనా వైరుమీద ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి, బిల్లు తీసుకోండి. లైట్లు, ఫ్యాన్లకు 1.5, మోటారు, గీజరు ప్లగ్గులకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడుట మంచిది. ఎర్తు తప్పక వేయించండి.

ఒక్క సంగతి మరువవద్దు. ఏ వైరూ షార్ట్ సర్క్యూట్‌ను ఆపలేదు. అది జరిగినప్పుడు కరెంటును ఆపేది సరైన ఎం.సి.బి. లేక సరైన ఫ్యూజు. ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ చుట్టితే ఎంత మంచి వైరైనా వేడెక్కి కాలుతుంది. మనుష్యులకు షాకు తగలకుండా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టించండి.

పెండ్లికి, పండుగకు వేలు ఖర్చు చేస్తాం. వైరు దగ్గర మిగిల్చే కొద్ది రూపాయలు బిడ్డల ప్రాణంకంటె ఎక్కువ కాదు. ఇల్లు కాపాడమని ప్రభువును ప్రార్థించే మనం, మన చేతిలో ఉన్న జాగ్రత్తను కూడా నమ్మకంగా చేద్దాం.