సోదరీ సంఘములు: వాని పుట్టుక, వాని పరీక్ష

మన పాఠశాలలో చదివిన బాలికలు పెద్ద కళాశాలలలో చేరినపుడు వేలమంది నడుమ కొలదిమందిగా ఉందురు. అచ్చట వారికి తోడెవరను చింత తల్లిదండ్రులకు సహజము. అమెరికాలో విద్యార్థినులు ఇట్టి ఒంటరితనమునకు తామే ఒక ఉపాయము కనుగొనిరి. అదియే ‘సొరోరిటీ’, అనగా సోదరీ సంఘము. దాని చరిత్రను ఇచ్చట క్లుప్తముగా వివరింపదలచితిమి.

ఇండియానా రాష్ట్రమున గ్రీన్‌కాసిల్ పట్టణమందలి ఆస్‌బరీ విశ్వవిద్యాలయము 1867లో స్త్రీలకు ప్రవేశము కల్పించెను. పురుష విద్యార్థులకు అప్పటికే సంఘములు కలవు. వానిలో స్త్రీలకు చోటు లేదు. బెటీ లాక్ అను విద్యార్థినికి ఒక పురుష సంఘము తన చిహ్నమును ధరించుటకు ఇయ్యజూపెను గాని, సభ్యత్వమీయలేదని చెప్పుదురు. ఆమె మఱి మువ్వురితో కలసి 1870 జనవరి 27న ‘కప్పా ఆల్ఫా థీటా’ అను గ్రీకు అక్షరముల పేరుతో స్త్రీల సంఘమును స్థాపించెను. ‘సొరోరిటీ’ అను పేరు తరువాత 1882లో వచ్చినది. లాటిన్ భాషలో ‘సొరోర్’ అనగా సోదరి.

ఇట్టి సంఘమును ప్రారంభించుటకు ముందుగా కావలసినది ధనము కాదు. ఒక స్పష్టమైన ఆశయము, వ్రాతపూర్వకమైన నిబంధనావళి, బాధ్యత వహించు అధ్యక్షురాలు, కార్యదర్శిని, కోశాధికారిణి, అందఱును భరింపగల చందా, కళాశాల అధికారుల అనుమతి కావలెను. జాతీయ సంఘమునకు శాఖగా ఏర్పడదలచినచో దాని అంగీకారమును పొందవలెను.

గుణముతో పాటు దోషమును కూడ చెప్పుట న్యాయము. తమకు తలుపులు మూసిరని సంఘము కట్టుకొన్న స్త్రీలే, చాలాకాలము నల్లజాతి విద్యార్థినులకు తమ తలుపులు మూసిరి. ఆ విద్యార్థినులు వాషింగ్టన్ నగరపు హవర్డ్ విశ్వవిద్యాలయమున 1908లో ‘ఆల్ఫా కప్పా ఆల్ఫా’ను, 1913లో ‘డెల్టా సిగ్మా థీటా’ను నెలకొల్పిరి. రెండవదానిని స్థాపించిన 22 మంది యువతుల సంఘము ఆ సంవత్సరము మార్చి 3న స్త్రీల వోటుహక్కు ఊరేగింపులో పాల్గొనెను. మొదటిది 1935 నుండి కొన్ని వేసవులు మిస్సిసిపీ పల్లెలలోని పేదలకు వైద్యశిబిరములు నడిపెను.

కొలదిమంది కూడియుండుట తప్పు కాదు. మన సంఘమును అట్లు పుట్టినదే. కాని మన బిడ్డ ఏ సంఘమున చేరినను రెండు ప్రశ్నలు అడుగుదము: అది ఎవరిని వెలుపల నిలుపుచున్నది? తనవారికి గాక మఱెవరికి ఉపకరించుచున్నది? ఈ ప్రశ్నలు మనకును వర్తించును.