ఒకే సంసారం, రెండు దేశాలు: ఉమ్మడి ఆర్థిక జీవనాన్ని నిరూపించడం ఎలా?

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు అనేకం ఉపాధి కోసం ఖరగ్‌పూర్ చేరి స్థిరపడ్డాయి. అలా వచ్చినవారు జీతం అందగానే ఊళ్లో ఉన్న ఇల్లాలికి మనియార్డరు పంపేవారు. ఆ రసీదు ఒకే సంసారం రెండు చోట్ల నడుస్తున్నదనడానికి ఆధారం. అప్పట్లో దాన్ని చూపమని ఎవరూ అడగలేదు. నేడు విదేశంలో ఉన్న భర్త దగ్గరికి వెళ్లదలచిన మనవరాలిని మాత్రం వీసా అధికారి అటువంటి ఆధారాలే అడుగుతాడు.

భాగస్వామి వీసా దరఖాస్తులో ఉమ్మడి ఆర్థిక జీవనాన్ని ఎలా చూపాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. నియమాలు స్పష్టంగా రాసి ఉన్నందున ఆస్ట్రేలియాను ఉదాహరణగా తీసుకుందాం.

అధికారి పరిశీలించే అంశాలు

ఆస్ట్రేలియా 1994 నాటి వలస నిబంధనల ప్రకారం దంపతుల బంధాన్ని నాలుగు కోణాల నుంచి చూస్తారు. అవి ఆర్థిక విషయాలు, ఇంటి నిర్వహణ, సమాజంలో గుర్తింపు, పరస్పర నిబద్ధత. ఆర్థిక విషయాల కింద అయిదు అంశాలు ఉన్నాయి:

1. ఇద్దరి పేరున ఉన్న స్థిరాస్తి లేదా ఇతర ముఖ్యమైన ఆస్తులు.
2. ఇద్దరూ కలిసి మోస్తున్న అప్పులు.
3. పెద్ద ఖర్చుల కోసం ఇద్దరి డబ్బును ఏ మేరకు కలిపి వాడుతున్నారన్నది.
4. ఒకరి పట్ల ఒకరికి ఉన్న చట్టబద్ధమైన బాధ్యత.
5. రోజువారీ ఇంటి ఖర్చులను పంచుకునే తీరు.

ఈ అయిదూ తప్పక ఉండాలని నియమం లేదు. అధికారి బంధాన్ని మొత్తంగా బేరీజు వేస్తాడు. దంపతులు దూరంగా ఉన్నంత మాత్రాన బంధం లేనట్టు కాదు. శాశ్వతంగా విడిపోయి ఉండకూడదన్నదే చట్టం చెప్పేది.

తాల్‌బగీచా నుంచి ఒక ఉదాహరణ

ఖరగ్‌పూర్‌లోని తాల్‌బగీచాలో పుట్టింట ఉంటున్న ఒక యువతిని ఊహించుకుందాం. పెళ్లి శ్రీకాకుళం జిల్లాలో జరిగింది. భర్త ఆరు వారాలు ఉండి మెల్‌బోర్న్ తిరిగి వెళ్లాడు. ప్రతి నెలా డబ్బు పంపుతున్నాడు. అయితే ఆ డబ్బు వెళ్లేది ఆమె మామగారి ఖాతాకు. మన ఇళ్లలో ఇది సహజమే. కానీ ఆ కాగితం చూసిన అధికారికి కొడుకు తండ్రికి డబ్బు పంపినట్టు కనిపిస్తుందే తప్ప, భర్త భార్యను పోషిస్తున్నట్టు కనిపించదు.

అప్పుడు ఏం చేయాలి? మధ్యలో తెగిన గొలుసును కలపాలి. భర్త పంపిన తేదీ, మామగారి పాస్‌బుక్‌లో జమ అయిన తేదీ, అందులోంచి కోడలి ఖాతాకు మళ్లిన మొత్తం, దానితో ఆమె కట్టిన ఫీజు రసీదు, ఈ నాలుగింటినీ వరుసగా పెట్టాలి. మామగారు సంతకం చేసిన చిన్న వివరణ జత చేయాలి. ఇకపై కొంత మొత్తాన్ని నేరుగా భార్య ఖాతాకే పంపడం మేలు.

డబ్బు రెండు వైపులా కదిలితే ఆధారం మరింత బలపడుతుంది. భర్త ఉద్యోగం మారే సమయంలో, స్వదేశంలో అతని పేరున ఉన్న పెళ్లి అప్పు వాయిదాలను ఆమె కట్టిందనుకోండి. అందుకు తన నగలను బ్యాంకులో తాకట్టు పెట్టింది. ఆ బంగారు రుణం రసీదు, వాయిదా చెల్లింపు వివరాలు ఎంతో విలువైనవి. అతని అప్పును ఆమె తన అప్పుగా భావించిందని అవి చెబుతాయి. ఆడవాళ్లు చేసే ఇటువంటి సాయం చాలా ఇళ్లలో లెక్కకే రాదు. కనుక రసీదులు దాచుకోవాలి.

జాయింట్ ఖాతా ఒక్కటే చాలదు

ప్రవాస భారతీయుడు తన ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో స్వదేశంలో ఉన్న భార్య పేరును ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో చేర్చవచ్చు. అయితే ఆయన జీవించి ఉండగా, అధికార పత్రం ఇస్తేనే ఆమె ఆ ఖాతాను నడపగలదు. ఆమె వాడని ఖాతాలో పేరు ఉన్నా, ఉమ్మడి సంసారానికి అది బలహీనమైన ఆధారమే. భార్య స్వదేశీ పొదుపు ఖాతాలో భర్త పేరును ‘ఈదర్ ఆర్ సర్వైవర్’గా చేర్చడానికి కూడా రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. మీ శాఖలో అడిగి తెలుసుకోండి.

దరఖాస్తుకు వారం ముందు తెరిచి, ఒకేసారి పెద్ద మొత్తం వేసిన ఖాతా అనుమానానికి తావిస్తుంది. నెలనెలా సరుకులకు, కరెంటు బిల్లుకు, ఫోనుకు వాడిన చిన్న ఖాతా దానికంటే మేలు. బీమా నామినీగా భాగస్వామి పేరు ఉంటే నిబద్ధతకు అదొక సూచన. కానీ నామినేషన్ ఉమ్మడి ఆస్తి కాదని మరవకండి.

లేనిదాన్ని సృష్టించవద్దు

పాత తేదీతో అద్దె ఒప్పందం, దొంగ రసీదు వంటివి పెడితే వీసా తిరస్కరించడమే కాకుండా, సాధారణంగా మూడేళ్లపాటు మరికొన్ని వీసాలు కూడా రాకుండా పోతాయి. ఆధారం లేని చోట కారణం నిజాయితీగా రాయడమే క్షేమం. “ఇంకా కలిసి కాపురం పెట్టలేదు కాబట్టి ఉమ్మడి అద్దె ఒప్పందం లేదు” అన్న ఒక్క వాక్యం చాలు.

తెలుగు శుభలేఖ, బెంగాలీలో రాసిన రసీదు వంటివాటికి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. భారతదేశం నుంచి దరఖాస్తు చేసేవారికి ముందు 309 అనే తాత్కాలిక వీసా, ఆ తర్వాత 100 అనే శాశ్వత వీసా ఉంటాయి. సాధారణంగా దరఖాస్తు చేసిన రెండేళ్లకు రెండో దశ పరిశీలన వస్తుంది. అప్పుడు మళ్లీ ఆధారాలు చూపాలి. అందుచేత వీసా చేతికి రాగానే ఫైలు మూసేయకండి.

పోషించే శక్తి వేరు, పంచుకోవడం వేరు

అమెరికాలో ఐ-864 పత్రం సాధారణంగా స్పాన్సర్ ఆదాయం పేదరిక ప్రమాణంలో 125 శాతమైనా ఉందని చూపడానికి. బ్రిటన్ భాగస్వామి వీసాకు కనీస వార్షికాదాయాన్ని 2024 ఏప్రిల్‌లో 29,000 పౌండ్లకు పెంచింది. ఇవి పోషించగలడా అన్న ప్రశ్నకు జవాబులు. మనం చర్చించినది, ఇద్దరూ కలిసి బతుకుతున్నారా అన్న ప్రశ్న. పెద్ద జీతం చీటీ మొదటిదానికి జవాబు కావచ్చు, రెండోదానికి కాదు.

పునశ్చరణ

ఆధారాలను తేదీల వరుసలో పెట్టండి. డబ్బు ఎవరి నుంచి, ఎవరికి, ఎందుకు వెళ్లిందో ప్రతిదానికీ ఒక్క వాక్యం రాయండి. తెగిన గొలుసులు కలపండి, లేనివి కల్పించకండి.

అభ్యాసం: గత ఆరు నెలల్లో మీ దంపతులు కలిసి భరించిన మూడు ఖర్చులు రాయండి. ఒక్కొక్కదానికి మీ దగ్గర ఏ కాగితం ఉందో పక్కనే గుర్తించండి.