చేతిసెట్టు కొందాం, గుట్టెక్కుదాం

హ్యామ్ (అమెచ్యూర్) రేడియో పరీక్ష పాసయ్యావు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వచ్చింది. ఇక సెట్టు కొనాలి. "తాతా, అయిదు వాట్లదా, పది వాట్లదా?" అని అడిగావు.

అయిదుదే తీసుకో బిడ్డా. వాట్లు రెండింతలైతే అవతలివాళ్ల సెట్టులో సిగ్నల్ మీటరు అర గీత లేస్తుంది, అంతే. ఒక గీత నిండుగా లేవాలంటే నాలుగింతలు కావాలి. బ్యాటరీ మాత్రం తొందరగా ఖాళీ అవుతుంది.

మన హ్యాములకిచ్చిన 144-146 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. ఎంత పెద్ద టార్చిలైటు వేసినా గుట్ట వెనక వెలుగు పడదు కదా, ఇదీ అట్లాగే. గుట్ట లేకున్నా భూమి గుండ్రం, అదే అడ్డం. లెక్క చిన్నదే. సెట్టు ఉన్న ఎత్తును మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. చేతిలో సెట్టు మీటరున్నర ఎత్తులో ఉంటే అయిదు. అవతలి మనిషికీ అయిదు. మొత్తం పది. గద్వాల నుంచి వనపర్తికి మ్యాపు మీద స్కేలు పెడితే 30 కిలోమీటర్ల పైమాటే, అక్కడి నుంచి నాగర్‌కర్నూలుకూ ఇంచుమించు అంతే దూరం. గద్వాల కోట ముందు నిలబడి పిలిస్తే వనపర్తిలో ఎవరు పలుకుతారు?

అదే చుట్టూ నేల కన్నా 100 మీటర్లు లేచిన గుట్టెక్కు. నీ వైపే 41 అయింది, కిందున్నవాళ్ల అయిదు కలిపితే 46. గుట్ట మీద ఘన్‌పూర్ ఖిల్లా కట్టినోళ్లు వర్గమూలాలు కట్టారో లేదో గానీ, ఎక్కడ నిలబడితే దూరం కనబడుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఇంకా పైకి పోతే? భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు బడిపిల్లలతో 145.800 మీద మాట్లాడుతుంటారు. అది మన నెత్తి మీదుగా పోయేటప్పుడైతే మిద్దె మీద ఈ చేతిసెట్టుతోనే వినొచ్చు.

అయితే సముద్రాలు దాటే మాటలకు ఇది పనికిరాదు. 2004 సునామీ వేళ హైదరాబాదు అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ పోర్ట్ బ్లెయిర్ నుంచి వార్తలు చేరవేసింది షార్ట్‌వేవ్ సెట్లతో. ఆ ముచ్చట వేరే.

ఇక ఏ సెట్టు కొనాలంటావా, బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి చేతిసెట్లలో రేడియో పనంతా దాదాపు ఒక్క చిప్పే చేస్తుంది, అందుకే చవక. వడపోత తక్కువ. చుట్టూ బలమైన ట్రాన్స్‌మిటర్లున్న పట్నంలో దానికి చెవుడు వచ్చినట్టవుతుంది. మన గద్వాల వైపు నడిగడ్డ చేలల్లో ఆ గోల తక్కువ. పట్నం హ్యాములు దాన్ని తిట్టినంతగా మనం తిట్టనక్కర్లేదని నా లెక్క.

జాగ్రత్త ఒకటుంది. అది 136 నుంచి 174 దాకా ఎక్కడైనా పలుకుతుంది. నీకు పర్మిషనున్నది 144-146, పైన 434-438. పొరపాటున అటో ఇటో నొక్కితే పోలీసుల మాటల మధ్య దూరతావు. మొదటిరోజే కంప్యూటరుకు తగిలించి మన చానళ్లు నింపి పెట్టుకో. అనుమతి వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్ముతున్నారని 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్లకు నోటీసులిచ్చింది. కాబట్టి ఆ మోడలుకు టైప్ అప్రూవల్ ఉందో లేదో చూసి, బిల్లు తీసుకో.

మిగిలిన డబ్బు యాంటెన్నాకు పెట్టు. తరంగం పొడవు రెండు మీటర్ల పైచిలుకు, అందులో పావు దాదాపు అర మీటరు. సెట్టుతో వచ్చే రబ్బరు ముక్క జానెడు, అది సగం శక్తిని కూడా సరిగా వదలదు. పొడవాటిది కొనేముందు మర చూసుకో, దీని సెట్టు వైపు సూది బయటకు ఉంటుంది, వేరే కంపెనీల యాంటెన్నాలు చాలావరకు పట్టవు. ఖర్చు లేని ఉపాయమూ ఉంది: 49 సెంటీమీటర్ల కరెంటు వైరు తీసుకుని, ఒక కొస గీకి, ఆ రాగిని యాంటెన్నా మొదట్లో బయటి లోహపు మర చుట్టూ బిగించి కిందకు వదిలెయ్. నడిమి సూదికి మాత్రం తగలనీయకు. యాంటెన్నా నిటారుగా పట్టుకో, ఊరకే పక్కకు వాల్చకు.