టీ పార్టీ ఆట కాదిది!

క్రికెట్ కాదండీ... క్రోకే! పచ్చిక మీద ఆరు ఇనుప కమానులు, చేతిలో పొడుగు పిడి ఉన్న కర్ర సుత్తి, నేలమీద నాలుగు రంగుల బంతులు. దొరలూ దొరసానులూ టీ తాగుతూ ఆడుకునే ఆటగా దీనికి పేరు. అందులో ఒక రకం గోల్ఫ్ క్రోకే. దాన్ని హోరాహోరీ పోటీగా మార్చింది మాత్రం... ఈజిప్టు!

నిబంధనలు పిల్లలకైనా ఇట్టే వచ్చేస్తాయి. నీలం, నలుపు బంతులు ఒక పక్షానివి. ఎరుపు, పసుపు రెండో పక్షానివి. నీలం, ఎరుపు, నలుపు, పసుపు... ఈ వరసలోనే కొట్టాలి. వంతుకి ఒక్క దెబ్బే. కమానులోంచి ముందు ఎవరి బంతి దూరితే వాళ్లకి పాయింటు. వెంటనే అందరూ తరవాతి కమానుకి బయల్దేరాల్సిందే. మొదట ఏడు పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గేమ్. 6-6 దగ్గర ఆగితే ఆఖరి పాయింటు కోసం మళ్లీ మూడో కమాను దగ్గరికి వెళ్లాలి.

వినడానికి తేలికే. కానీ బంతి వ్యాసం 92 మిల్లీమీటర్లు. పెద్ద పోటీల్లో కమాను సందు అంతకన్నా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఎక్కువ! 454 గ్రాముల ఆ బంతి కాస్త వంకరగా వెళ్లిందో, కమాను కాలికి తగిలి ఆగిపోతుంది. పోనీ, కమాను ముందు చక్కగా నిలబెట్టుకుందామా అంటే ప్రత్యర్థి వచ్చి దాన్ని అల్లంత దూరం తరిమేస్తాడు. మనం దూరాలా, ఎదుటివాడి బంతిని గెంటాలా... ప్రతి దెబ్బకీ ఇదే తర్జనభర్జన. గోళీలాటలో పక్కవాడి గోళీని ఎగరగొట్టినవాళ్లకి ఆ సరదా వేరే చెప్పక్కర్లేదు.

బ్రిటిష్‌వాళ్లు కైరోలో పెట్టిన క్లబ్బులతోపాటే క్రోకే ఈజిప్టు చేరింది. నైలు నది దీవిలోని జెజీరా క్లబ్బు 1882 నాటిది. దొరలు వెళ్లిపోయారు, ఆట మిగిలింది. దూరం నుంచి బలంగా, గురి తప్పకుండా కొట్టడం ఈజిప్షియన్ల ప్రత్యేకత. 1996లో ఇటలీలోని మిలాన్‌లో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగితే ఈజిప్టు ఆటగాడు ఖాలెద్ యూనిస్ గెలిచాడు. అది మొదలు 2011 దాకా కప్పు ఆ దేశం దాటి పోలేదు. అన్నట్టు, ఈ ఛాంపియన్‌షిప్‌లో ఆడా మగా కలిసే తలపడొచ్చు. 2005 నుంచి మహిళలకి విడిగానూ ప్రపంచ పోటీలు పెడుతున్నారు.

2013లో పోటీలు కైరోలోనే. సొంత గడ్డ, సొంత జనం. ఫైనల్లో అప్పటికే ప్రపంచ విజేత అయిన అహ్మద్ నాసర్. ఎదురుగా దక్షిణాఫ్రికాకి చెందిన రెజ్ బామ్‌ఫర్డ్... అసోసియేషన్ క్రోకే అనే మరో రకంలో ప్రపంచ విజేత. కప్పు బామ్‌ఫర్డ్ పట్టుకెళ్లాడు! 2015లో మళ్లీ అతనే. 2017లో న్యూజిలాండ్ కుర్రాడు జోష్ ఫ్రీత్, 2019లో అమెరికాకి చెందిన బెన్ రాత్‌మన్ గెలిచారు.