సూపర్‌హీరో కేకు: రంగు, ఆకారం, మోతాదు

ఈ భాగం చదివిన తరువాత మీరు పిల్లల పుట్టినరోజు కేకులో వాడే రంగుల స్వభావాన్ని వివరించగలుగుతారు. ఒక ముక్క కేకు ద్వారా పిల్లవాడి శరీరంలోకి ఎంత రంగు చేరుతుందో లెక్కించగలుగుతారు. రంగును తగ్గించి, ఆకారం ద్వారా అదే ముచ్చట తీర్చే పద్ధతిని ఆచరణలో పెట్టగలుగుతారు.

7.1 పరిచయం

పుట్టినరోజుకు కేకు కోయడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు పెద్ద పట్టణాలకే పరిమితం కాదు. నరసన్నపేటలోనో, రాజాంలోనో, చీపురుపల్లిలోనో ఉన్న కుటుంబం కూడా పిల్లవాడు అడిగిన బొమ్మతో కేకు కావాలంటుంది. ఆ బొమ్మ సాధారణంగా స్పైడర్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, హనుమంతుడు, ఛోటా భీమ్‌లలో ఒకటి అవుతుంది. ఇంట్లోనే కేకులు చేసి అమ్మేవారికి ఇది మంచి ఆదాయమార్గం. అయితే సూపర్‌హీరో కేకుకూ మామూలు కేకుకూ తయారీలో ఉన్న ప్రధాన భేదం ఒక్కటే: ముదురు రంగు. పిండి, గుడ్డు, వెన్న, చక్కెర రెండింటిలోనూ అవే. కాబట్టి ఈ పాఠంలో మన దృష్టి ఎక్కువగా రంగు మీదే ఉంటుంది.

ఈ వీరుల దుస్తులు అంత ముదురు ఎరుపులో, నీలంలో ఎందుకుంటాయి? సూపర్‌మ్యాన్ 1938లో, స్పైడర్‌మ్యాన్ 1962లో అమెరికా కామిక్ పుస్తకాల్లో మొదట కనిపించారు. ఆ పుస్తకాలను చవక కాగితం మీద నాలుగు సిరాలతో అచ్చువేసేవారు. అటువంటి కాగితం మీద లేత ఛాయలు అలుక్కుపోతాయి, ముదురు రంగులే స్పష్టంగా నిలుస్తాయి. అచ్చుయంత్రానికి అనువైన రంగులను నేడు మనం వెన్నలోకి తేవాలని ప్రయత్నిస్తున్నాం. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

7.2 అనుమతించిన రంగులు, వాటి పరిమితి

మన దేశంలో ఆహార పదార్థాలలో వాడటానికి ఎనిమిది కృత్రిమ రంగులకు అనుమతి ఉంది. ఎరుపునకు పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్; పసుపునకు టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో; నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్; ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. కేకులు, పేస్ట్రీలలో ఈ రంగుల మోతాదు సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదు. అంటే కిలో పదార్థానికి గ్రాములో పదో వంతు.

సంతలో విడిగా పొట్లం కట్టి అమ్మే రంగు పొడి ఈ ఎనిమిదింటిలో ఒకటి అవునో కాదో చెప్పడం అసాధ్యం. బట్టల అద్దకానికి వాడే రోడమిన్-బి పీచుమిఠాయిలో బయటపడినందుకే 2024లో తమిళనాడు, కర్ణాటక ప్రభుత్వాలు చర్యలు తీసుకున్నాయి. లేబుల్ లేని రంగును, అది ఎంత చవకైనా, వంటగదిలోకి రానివ్వకూడదు.

అనుమతి ఉన్న రంగుల విషయంలోనూ చర్చ ముగియలేదు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడేళ్ల పిల్లలకూ, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకూ కొన్ని రంగులూ సోడియం బెంజోయేటూ కలిపిన పానీయం ఇచ్చి, వారిలో అతిచురుకుదనం కొంత పెరిగినట్లు గమనించారు. ప్రభావం పిల్లలందరిలో ఒకేలా లేదు. ఏ రంగు కారణమో కూడా ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. అయినా 2010 జూలై నుంచి ఐరోపా సమాఖ్యలో ఆరు రంగులు వాడిన ఆహారంపై హెచ్చరిక వాక్యం తప్పనిసరి అయింది. ఆ ఆరింటిలో నాలుగు (టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, పాన్సో 4ఆర్) మన జాబితాలో ఉన్నాయి.

7.3 ఒక ముక్కలో ఎంత రంగు?

పెద్దలకు, పిల్లలకు తేడా శరీర బరువులో ఉంది. పాన్సో 4ఆర్‌కు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లో నిర్ణయించిన రోజువారీ పరిమితి కిలో శరీర బరువుకు 0.7 మిల్లీగ్రాములు. అంతర్జాతీయ నిపుణుల సంఘం 4 మిల్లీగ్రాముల వరకు అంగీకరిస్తుంది. పిల్లల విషయం కనుక మనం తక్కువ అంకెనే తీసుకుందాం.

ఐదేళ్ల పిల్లవాడి బరువు 16 కిలోలు అనుకుంటే అతని పరిమితి 16 × 0.7 = 11.2 మిల్లీగ్రాములు. అతను తినే ముక్క 60 గ్రాములు, అందులో సగం, అంటే 30 గ్రాములు, ఎర్రటి క్రీము అనుకుందాం. క్రీములో కిలోకు 100 మిల్లీగ్రాముల రంగు ఉంటే ఆ ముక్కలో 3 మిల్లీగ్రాములు ఉంటాయి. పరవాలేదు. కానీ 100 మిల్లీగ్రాములతో తెల్లటి క్రీము స్పైడర్‌మ్యాన్ ఎరుపునకు రాదు. గులాబీ ఛాయ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు చేయి ఆగదు. కిలోకు అర గ్రాము పడితే అదే ముక్కలో 15 మిల్లీగ్రాములు చేరతాయి. అర గ్రాము పొడి చెంచా కొనకు వచ్చేంత మాత్రమే కనుక, ఎక్కువ వేశామన్న అనుమానం కూడా రాదు.

ఇంట్లో వాడే త్రాసు గ్రాములో పదో వంతును తూచలేదు. అందుకు ద్రావణ పద్ధతి ఉపయోగపడుతుంది. ఒక గ్రాము రంగును 100 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీటిలో కరిగిస్తే, ప్రతి మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటాయి. కిలో క్రీముకు గరిష్ఠంగా 10 మిల్లీలీటర్లు. మందుల దుకాణంలో దొరికే సూదిలేని సిరంజితో కొలవవచ్చు. మార్కెట్లో దొరికే పొడుల్లో ఉప్పో చక్కెరో కలిసి ఉంటుంది కాబట్టి, డబ్బా మీద రాసిన అసలు రంగు శాతాన్ని చూసి లెక్క సరిచేసుకోవాలి. రెండు రంగులు కలిపితే రెండింటి మొత్తమే ఆ 10 మిల్లీలీటర్లలో ఇమడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: డబ్బాపై అసలు రంగు 50 శాతం అని ఉంది. అందులోంచి ఒక గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించారు. అరకిలో క్రీముకు గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్లు వాడవచ్చు? (జవాబు: 10 మిల్లీలీటర్లు)

7.4 తక్కువ రంగుతో ఎక్కువ ఛాయ

రంగు కలిపిన క్రీము వెంటనే చూపే ఛాయ దాని అసలు ఛాయ కాదు. కొన్ని గంటలు మూతపెట్టి ఉంచితే మరింత ముదురుతుంది. రాత్రి కలిపి, పొద్దున్న చూసి నిర్ణయించుకోవడం మంచిది. ఎరుపు కోసం ముందుగా కొద్దిగా కోకో కలిపి క్రీమును గోధుమ రంగుకు తెస్తే, ఎరుపు తక్కువ పడుతుంది. బ్యాట్‌మ్యాన్ నలుపునకైతే నల్లరంగు అసలు అవసరమే లేదు, ముదురు కోకో చాలు.

నీలం విషయంలో మన ప్రాంతానికి ఒక సౌలభ్యం ఉంది. ఆవు వెన్నలో కెరోటిన్ ఉండటం వల్ల అది పసుపుపచ్చగా ఉంటుంది. దానిలో నీలం కలిపితే ఆకుపచ్చ వైపు మళ్లుతుంది, దాన్ని కప్పిపుచ్చడానికి మరింత నీలం వేస్తారు. గేదె వెన్న తెల్లగా ఉంటుంది. ఊళ్లో గేదె పాలు పోయించుకునేవారు మీగడ చిలికి తీసిన వెన్నను వాడితే, కొద్ది నీలంతోనే స్వచ్ఛమైన ఛాయ వస్తుంది. వెన్నలో మజ్జిగ చుక్క లేకుండా బాగా కడగాలి.

సహజ రంగుల గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు, అలాగని తీసిపారేయనూ కూడదు. బీట్‌రూట్ ఇచ్చేది ఎరుపు కాదు, రాణీ రంగు. అందులోని బెటనిన్ వేడికి విరిగిపోతుంది. కేకు పిండిలో కలిపి కాలిస్తే లోపల మట్టిరంగు మిగులుతుంది. దాన్ని కాల్చని క్రీములోనే, రెండు చుక్కల నిమ్మరసంతో వాడాలి. శంఖుపుష్పాల నీలం పులుపు తగలగానే ఊదాగా మారుతుంది కనుక దానికి నిమ్మరసం పనికిరాదు. అమ్మకానికి చేసే కేకులో దీన్ని వాడేముందు అనుమతి జాబితా సరిచూసుకోవాలి.

పసుపు సంగతి తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పుట్టినరోజున పిల్లలకు దిష్టి తీసే ఎర్రనీళ్లు ఎలా తయారవుతాయి? పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే చాలు. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగలగానే ఎర్రబడుతుంది. వంటసోడా కూడా క్షారమే. పసుపు కలిపిన పిండిలో వంటసోడా ఎక్కువైతే కేకు ఇటుకరంగుకు తిరుగుతుంది. పసుపుపచ్చగానే ఉండాలంటే సోడాకు బదులు బేకింగ్ పౌడర్ వాడాలి, లేదా పెరుగు కలిపి క్షారాన్ని తటస్థం చేయాలి.

నారింజ రంగుకు అన్నింటికన్నా అనువైనది జాఫ్రా, అంటే అనాటో. దీని గింజల మీది ఎర్రటి పొరలో ఉండే బిక్సిన్ నూనెలో, నేతిలో కరుగుతుంది. నీటి రంగులు వెన్న క్రీములో సరిగా కలవక చుక్కలుగా తేలతాయి. జాఫ్రాకు ఆ ఇబ్బంది లేదు. రెండు చెంచాల నేతిలో ఒక చెంచా గింజలు వేసి, సన్నటి సెగపై నేయి నారింజరంగుకు తిరిగేవరకు ఉంచి వడకట్టాలి. సెగ పెరిగితే రంగు పాడై చేదు వస్తుంది. హనుమంతుడి సింధూరానికీ, ఛోటా భీమ్ ధోవతికీ ఈ రంగు సరిపోతుంది. ఇంట్లోవాళ్లు పిల్లవాడిని కొంచెం బుజ్జగించగలిగితే, స్పైడర్‌మ్యాన్ కన్నా భీమ్‌ను ఎంచుకోవడం తయారీదారుకు ఎంతో సులువు.

7.5 ఆకారంతో వీరుడు

ఛోటా భీమ్ హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ సృష్టి. 2008లో పోగో ఛానల్‌లో మొదలైంది. ఆ కథల్లో భీమ్ బలం లడ్డూలో ఉంటుంది, దుస్తుల్లో కాదు. ఉత్తరాంధ్రకు సొంత భీముడు కూడా ఉన్నాడు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడును కలియుగ భీముడని పిలిచేవారు. ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం, ఒంటికి చుట్టిన గొలుసులను తెంచడం ఆయన ప్రదర్శనలకు పేరు తెచ్చాయి. శ్రీకాకుళంలోని స్టేడియానికి ఆయన పేరే ఉంది. గొలుసు, ఏనుగు, గద, లడ్డూ: వీటిలో ఏ ఒక్కటీ ముదురు రంగు అడగదు.

ఆకారం నిలవాలంటే కేకు కన్నా బిస్కెట్ మేలు. చోడిపిండి ఇందుకు బాగా పనికొస్తుంది. చోళ్లలో గ్లూటెన్ ఉండదు కాబట్టి ముద్ద సాగి ముడుచుకోదు, కోసిన అంచు అలాగే నిలుస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; మైదాలో ఇది చాలా తక్కువ. చోడిపిండి నలుపు పిల్లలకు నచ్చదనుకుంటే, విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన హిమ అనే తెల్లగింజ రకం ఉంది.

దోరగా వేయించిన చోడిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, జల్లించిన బెల్లంపొడి 80 గ్రాములు, వెన్న 90 గ్రాములు, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పాలు కలిపి ముద్ద చేయాలి. బేకింగ్ పౌడర్ వేయకూడదు; అది అంచులను ఉబ్బించి గదను గుమ్మడికాయలా చేస్తుంది. ముద్దను అరగంట ఫ్రిజ్‌లో ఉంచాలి. మన తీరప్రాంతపు ఎండాకాలంలో వెన్న బల్ల మీదే కరిగిపోతుంది కనుక ఈ అరగంటను వదిలేయరాదు. అర సెంటీమీటరు మందాన ఒత్తి, అట్టముక్కతో కత్తిరించిన నమూనాను పైన పెట్టి చాకుతో కోసి, 170 డిగ్రీల వద్ద 12 నుంచి 14 నిమిషాలు కాల్చాలి. బెల్లం త్వరగా మాడుతుంది కాబట్టి 10 నిమిషాల తరువాత కన్నేసి ఉంచాలి. ఓవెన్ లేనివారు పాత మందపాటి గిన్నెలో ఉప్పు పరచి, వేడెక్కాక స్టాండు పైన పళ్లెం పెట్టి, మూత వేసి సన్నటి సెగపై కాల్చుకోవచ్చు.

ఈ కొలతకు సుమారు 20 బిస్కెట్లు వస్తాయి. వాటిపై గీతలు, కళ్లు, గొలుసు కడియాలు గీయడానికి మొత్తం 30 గ్రాముల రంగు క్రీము చాలు. అంటే బిస్కెట్‌కు ఒకటిన్నర గ్రాము. అందులో రంగు గరిష్ఠ మోతాదులో ఉన్నా 0.15 మిల్లీగ్రాములే. 7.3లో లెక్కించిన కేకు ముక్కతో పోలిస్తే ఇది ఇరవయ్యో వంతు. కేకు కోయడం తప్పదంటే, తెల్ల క్రీముతోనో కోకో క్రీముతోనో సాదా కేకు చేసి, ఈ బిస్కెట్ వీరులను పైన నిలబెట్టవచ్చు. క్రీము తేమకు మెత్తబడకుండా వాటిని వడ్డించే ముందే గుచ్చాలి.

పలాస జీడిపప్పుతో అలంకరించాలని అందరికీ ఉంటుంది. నాలుగేళ్లలోపు పిల్లలు వచ్చే విందులో పప్పును పలుకులుగా కాక పొడిగానే వాడాలి. పలుకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. గుడ్డు, జీడిపప్పు, గోధుమ పడని పిల్లలున్నారేమో ఆర్డరు తీసుకునేటప్పుడే అడగాలి.

7.6 అమ్మకానికి చేసేటప్పుడు

ఇంటి వంటగదిలో చేసినా, అమ్మితే అది ఆహార వ్యాపారమే. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేయించుకుని 14 అంకెల సంఖ్య పొందాలి. కంపెనీల సూపర్‌హీరో బొమ్మలపై ఆయా సంస్థలకు హక్కులుంటాయి; వాటిని ముద్రించి ప్రచారంలో వాడటం చిక్కులు తెస్తుంది. గద, గొలుసు, ఏనుగు ఎవరి సొత్తూ కావు. ప్రతి ఆర్డరుకూ ఒక నోటుపుస్తకంలో తేదీ, వాడిన రంగు పేరు, బ్యాచ్ సంఖ్య, ఎన్ని మిల్లీలీటర్ల ద్రావణం ఎంత క్రీములో కలిపిందీ రాసుకోవాలి. మర్నాడు ఏ తల్లైనా ఫోను చేసి, బాబుకు ఒంటి మీద దద్దుర్లు వచ్చాయి, కేకులో ఏం వేశారమ్మా అని అడిగితే, ఆ పేజీ తీసి చదివి చెప్పవచ్చు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమెకు కావలసింది ఆ వివరమే.