ఫ్రెంచివారి బంగాళాదుంప గ్రతాన్

బంగాళాదుంపను మనవారు వేపుడుగను, కూరగను, బజ్జీగను వాడుదురు. పాలతో వండుట మనకు క్రొత్త. ఫ్రాన్సు దేశమున ఆల్ప్సు పర్వతముల చెంతనున్న దోఫినే ప్రాంతపువారు దుంపలు, పాలు, మీగడ ముఖ్యముగా గొని యొక వంటకము జేయుదురు. దానికి గ్రతాన్ దోఫినువా యని పేరు. 1788వ సంవత్సరము జూలై 12వ తేదీన గాప్ పట్టణపు పురాధికారులకు క్లెర్మాన్ తొన్నేర్ ప్రభువొసగిన విందున నిది వడ్డింపబడెను. ఆ విందునకు నలువది యేండ్లు ముందు, 1748లో, కుష్ఠు గలిగించునను భయముచే పారిసు న్యాయసభవారు ఈ దుంప సేద్యమునే నిషేధించియుండిరి. తినదగినదేయని పారిసు వైద్యులు 1772లో గాని యొప్పుకొనలేదు.

గ్రతాన్ అను మాట, గోకుట యను నర్థముగల ఫ్రెంచి క్రియనుండి పుట్టినది. పాలకుండ గోకుడునకై పిల్లలు పోట్లాడు ఇండ్లవారికి ఇంతకన్న వివరణ మక్కరలేదు.

ఈ వంటకము గుట్టంతయు దుంపలోని పిండిపదార్థముననే యున్నది. నేను మొదటిసారి చేసినప్పుడు, వేపుడునకు వలె ముక్కలను మూడు నీళ్ల గడిగితిని. గంటసేపు కాల్చినను పాలు చిక్కబడలేదు. మంట హెచ్చింపగా విరిగిపోయెను. కిలో దుంపలు, లీటరు పాలు పాడయ్యెను. ముక్కలపై నంటియుండు పిండియే వేడికి ఉబ్బి పాలను చిక్కపరచును. దానిని కడిగివేసినచో చిక్కదనమునకు ఆధారము పోవును. కావున దుంపను తొక్క తీయుటకు ముందే కడిగి, కోసిన పిమ్మట నీరు తగులనీయరాదు. వెన్న తక్కువగు పాలు త్వరగా విరుగును. ఈ పనికి మన గేదెపాలు మిక్కిలి యనుకూలములు.

మిక్కిలి పిండిగల దుంప చిదికిపోవును. పదునొకండు గిన్నెల నీటిలో ఒక గిన్నె ఉప్పు కరగించి దుంపను వేసిచూడుడు. మునిగినది పిండిదుంప, తేలినది గట్టిదుంప. గ్రతానునకు తేలినది మేలు. శీతల గిడ్డంగిలో చాలకాలమున్న దుంపలో పిండి కొంత చక్కెరగా మారును. వంటకము తియ్యనై, పైభాగము ముందుగనే నల్లబడును. అట్టి దుంపలను ఒకటి రెండు వారములు బయట చీకటి గదిలో నుంచిన ఆ దోషము చాలవరకు తగ్గును. ఎండ తగిలి పచ్చబారిన దుంపలను మాత్రము వాడరాదు. వానిలోని విషము ఉడికించినను పోదు.

కిలో దుంపలకు ముప్పాతిక లీటరు చిక్కని పాలు, పావు లీటరు మీగడ, రెండు చెంచాల ఉప్పు, కొంచెము జాజికాయపొడి చాలును. రెండు రూపాయి బిళ్లలు కలిపినంత మందమున ముక్కలు కోసి, పాలలో వేసి, సన్నని సెగపై పది నిమిషములు కలుపుచు నుడికింపవలెను. పళ్లెమునకు వెల్లుల్లి రేక రుద్ది, వెన్న పూసి, ముక్కలను పాలతోకూడ పరచి, పైన మీగడ పోసి, నూటయేబది లేక నూటయరువది డిగ్రీల ఓవెనులో గంట, గంటంబావు కాల్చవలెను. ఓవెను లేనివారు మందపు గిన్నెను సన్నని సెగపై నుంచి, మూతపై నిప్పులు పోయవచ్చును. పూర్వము ఫ్రెంచి యిండ్లలోను ఇట్టి పద్ధతి యుండెను. తొందరపడి మంట పెంచరాదు.

చీజు వేయుటను గూర్చి అచ్చటివారిలో వాదములు గలవు. దోఫినే సంప్రదాయజ్ఞులు వలదందురు. నాకును వేయనిదే రుచించినది. చీజు వేసినచో పాల కమ్మదనము మరుగుపడును.

కత్తిమొన సులువుగా దిగి, పైభాగము బంగారువన్నె కెక్కిన పిదప దించి, పావుగంట కదల్పక యుంచుడు. పలుచగా దోచిన పాలు ఆ సమయముననే గట్టిపడును. అంచుల నంటిన గోకుడును పారవేయక, పిల్లలకు విడువుడు.