బిగ్ బ్యాండ్‌లో వినపడని గిటార్



యాన్యువల్ డే ప్రాక్టీసు మొదలైన వారంలో ఒక అమ్మగారు స్టాఫ్ రూమ్ బయట నన్ను కలిశారు. వాళ్ళ అబ్బాయి ఆరో తరగతి. స్కూల్ బ్యాండ్‌లో వాడికి ట్రయాంగిల్ ఇచ్చారు. "మేడం, ఇంత ఫీజు కడుతున్నాం, సాయంత్రం కీబోర్డ్ క్లాసుకు కూడా పంపిస్తున్నాం. చివరికి మా వాడికి ట్రయాంగిలేనా? వీడియోలో కూడా కనపడడు" అన్నారు. నేను మ్యూజిక్ టీచర్‌ని కాదు, ఇంగ్లీష్ చెబుతాను. అప్పటికప్పుడు నాకు జవాబు తట్టలేదు. ఆ రాత్రి ఆవిడకు వాట్సాప్‌లో ఒక పాట పంపాను. అలాంటి పాటల్ని ఇంట్లో పిల్లలతో కలిసి ఎలా వినాలో ఈ నెల మీ అందరికీ రాస్తున్నాను.

ఆ పాట పేరు 'వన్ ఓ క్లాక్ జంప్'. అమెరికాలో కౌంట్ బేసీ అనే పియానిస్టు బ్యాండ్ 1937లో రికార్డు చేసింది. ఇందులో పాడేవాళ్ళు ఎవరూ లేరు, వాద్యాలే. నిడివి మూడు నిమిషాలే, ఎందుకంటే అప్పటి గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది అంతే.

సుమారు 1935 నుంచి 1945 వరకు అమెరికాలో ఇలాంటి బ్యాండ్లదే రాజ్యం. ఒక్కో బ్యాండ్‌లో పదిహేను మంది దాకా ఉండేవారు. శాక్సోఫోన్లు ఒక జట్టు, ట్రంపెట్లు ఒక జట్టు, ట్రాంబోన్లు ఒక జట్టు. వీళ్ళందరికీ తాళం పట్టే నలుగురు: పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. ఇది కుర్చీల్లో కూర్చుని వినే కచేరీ కాదు, జనం డాన్స్ చేయడానికి వాయించిన సంగీతం. రేడియో దీన్ని ఇంటింటికీ చేర్చింది.

మొదటిసారి వింటే అంతా ఒకేసారి మోగుతున్నట్టు ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. ఒక చిన్న సంగతి పట్టుకుంటే మాత్రం దారి దొరుకుతుంది. ఇక్కడ వాద్యాలు మాట్లాడుకుంటాయి. ఒక జట్టు ఏదో అంటుంది, ఇంకో జట్టు జవాబిస్తుంది. బుర్రకథ చూసిన పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే వాళ్ళకు ఇది వెంటనే తెలిసిపోతుంది. కథకుడు ఒక మాట అనగానే పక్కన గుమ్మెటలు పట్టుకున్న ఇద్దరూ అందుకుంటారు కదా, అలాగన్నమాట. (వంత పాడడం అనే మాటను మనం తిట్టుగా ఎందుకు మార్చుకున్నామో నాకు అర్థం కాదు.)

మొదటిసారి మీ అబ్బాయినో అమ్మాయినో ఎవరు అడుగుతున్నారు, ఎవరు జవాబిస్తున్నారు అని చేత్తో చూపించమనండి. రెండోసారి ఒంటరిగా వాయించేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టమనండి. మూడోసారి కష్టమైన పని: గిటార్ ఎక్కడుందో వెతకమనండి.

అది దాదాపు దొరకదు. ఆ గిటార్ వాయించినాయన పేరు ఫ్రెడ్డీ గ్రీన్. 1937లో బేసీ బ్యాండ్‌లో చేరి, 1987లో చనిపోయేవరకు సుమారు యాభై ఏళ్ళు అందులోనే ఉన్నారు. అంత కాలంలో ఆయన ఒంటరిగా వాయించిన సందర్భాలు చాలా అరుదు. కరెంటు గిటార్ కాదు, మామూలు గిటార్. ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ పాట పొడుగునా ఒకే నడకలో తీగలు మీటుతూ ఉండేవారు. ట్రంపెట్లు మోగుతుంటే ఆ శబ్దం మునిగిపోతుంది. కానీ ఆ నడక మీదే మిగిలిన వాళ్ళందరూ నిలబడేవారు. బ్యాండ్‌కు తన పేరే పెట్టుకున్న బేసీ కూడా పియానో మీద చాలా తక్కువ స్వరాలే వాయించేవారు. ఆ నలుగురూ తాళాన్ని అంత తేలిగ్గా నడిపించేవారు.

ఒక ఉపాయం చెబుతాను. పాట చివరికి దగ్గర పడుతుండగా మిగతా జట్లన్నీ ఆగి, కాసేపు పియానో మాత్రమే తేలికగా వినిపిస్తుంది. గిటార్‌ను అక్కడ వెతకండి. ఫోన్ స్పీకర్లో వినపడదు, ఇయర్‌ఫోన్స్ కావాలి.

1938 జనవరి 16న న్యూయార్క్ కార్నెగీ హాల్లో, శాస్త్రీయ సంగీతానికి పేరుపడిన వేదిక మీద, బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ వాయించింది. గుడ్‌మన్ తెల్లవారు. ఆ రాత్రి బేసీ, డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ల నుంచి నల్లజాతి కళాకారులను కూడా తన పక్కన కూర్చోబెట్టుకుని వాయించారు. ఆ రోజుల్లో నల్లజాతి వాళ్ళు తాము వాయించిన హోటల్లోనే గది అడిగితే ఇవ్వని చోట్లు చాలా ఉండేవి. అందుకే ఆ కచేరీని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వేదిక మీద ఫ్రెడ్డీ గ్రీన్ కూడా ఉన్నారు. ఆయన అరుదైన సోలోల్లో ఒకటి ఆ రాత్రిదే.

చిన్న క్లాసుల పిల్లలుంటే ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్‌తో మొదలుపెట్టండి. ఆమె 1938లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, 'ఎ టిస్కెట్ ఎ టాస్కెట్' అనే పాత నర్సరీ రైమ్‌ను బ్యాండ్‌తో పాడితే దేశమంతా పాడుకుంది. మన యూకేజీ పిల్లలు రెండోసారికే అందుకుంటారు. ఆ బ్యాండ్ నాయకుడు చిక్ వెబ్ డ్రమ్మర్. చిన్నప్పుడు వెన్నెముక జబ్బు చేసి ఎత్తు పెరగలేదు. ఆ డ్రమ్స్ విన్నవాళ్ళెవరూ ఆ సంగతి ఊహించలేరు.

గ్లెన్ మిల్లర్ 'ఇన్ ద మూడ్' (1939) కూడా ఇంట్లో సరదాగా ఉంటుంది. చివర్లో అదే వరస మళ్ళీ మళ్ళీ వస్తూ మెల్లగా, ఇంకా మెల్లగా అయిపోతుంది. పాట అయిపోయిందనుకుని పిల్లలు లేవబోతారు, అంతలో బ్యాండ్ మొత్తం ఒక్కసారిగా అందుకుంటుంది. మా క్లాసులో నలుగురు ఉలిక్కిపడ్డారు. మిల్లర్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, అక్కడా బ్యాండ్ నడిపారు. 1944 డిసెంబర్‌లో ఇంగ్లండ్ నుంచి పారిస్‌కు బయల్దేరిన ఆయన విమానం మళ్ళీ కనపడలేదు. యుద్ధం ముగిశాక అంతమందికి జీతాలిచ్చి ఊరూరా తిప్పడం కష్టమై, చాలా బ్యాండ్లు విడిపోయాయి.

ఇక ఆ అమ్మగారి సంగతి. పాట పంపిన మూడో రోజు రాత్రి పదింటికి మెసేజ్ వచ్చింది. "మేడం, వాడికి గిటార్ వినపడిందట. నాకింకా వినపడలేదు. ఏ నిమిషం దగ్గరో చెప్పండి."